అధికారమంతా లోపలే ఉంది

నిప్పును కనుగొన్నందుకూ, చక్రాన్ని దొర్లించినందుకూ మానవజాతి తనను తాను చాలినంత పొగుడుకుంది గానీ, ఉతికి ఆరేసిన చొక్కా పక్కవాళ్ల పెరట్లోకి ఎగిరిపోకుండా పట్టి నిలిపిన చెక్క క్లిప్పుకు చెందవలసిన గౌరవం ఇంతవరకూ చెందలేదు. ఈ చారిత్రక అన్యాయాన్ని ఒంటిచేత్తో సరిదిద్దుతున్నానని నమ్మిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన చెక్క క్లిప్పుల కర్మాగారానికి యజమాని. తన క్లిప్పులు సముద్రాలు దాటి, తాను చూడని దేశాల్లో, తాను ఎరగని మనుషుల లోదుస్తులను కాపాడుతున్నాయన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఆయన ఛాతీ కొంచెం వెడల్పయ్యేది.

అయితే కొంతకాలంగా ఆ క్లిప్పులు సముద్రం దాటడానికి ముందు ఓడరేవులో విశ్రమించడం మొదలుపెట్టాయి. కస్టమ్స్ వాళ్లు ప్రతి కంటైనరునూ ఆపి, సీలు కోసి, అట్టపెట్టెలన్నీ దింపి, క్లిప్పుల్లో క్లిప్పులు తప్ప మరేమీ లేవని నిర్ధారించుకొని, మళ్లీ సర్దించేవారు. ఈలోగా ఓడ తన దారిన తాను వెళ్లిపోయేది. అవతలి దేశంలో సరుకులో సింహభాగం కొనే పెద్దమనిషి మొదట విసుక్కున్నాడు, తరువాత కోప్పడ్డాడు, చివరికి మర్యాదగా రాశాడు. వ్యాపారంలో మర్యాద వచ్చిందంటే వ్యవహారం ముదిరిందని అర్థం. "ఇంకొక్కసారి ఆలస్యమైతే మన అనుబంధాన్ని మధుర స్మృతిగా దాచుకుంటాను" అన్నది ఆ మర్యాద సారాంశం.

ఆ బేరం పోతే ప్యాకింగ్ హాలు మూసెయ్యాలి. ఆ హాలులో క్లిప్పులను అట్టపెట్టెల్లో సర్దే ఆడవాళ్లు, కర్మాగారం పుట్టిననాటి నుంచీ ఉన్నవాళ్లు. వాళ్లకు పెద్ద, అందరూ పెద్దక్క అని పిలిచే మేస్త్రి. యజమాని ఒకనాడు ఆవిడ ఎదుట నిలబడి, గొంతు సవరించుకొని, "నేనుండగా మీలో ఒక్కరు కూడా ఇంట్లో కూర్చోరు" అని మాట ఇచ్చాడు. "కూర్చోవాలన్నా మాకు ఇంట్లో తీరికుంటే కదండీ" అంది పెద్దక్క. కానీ ఆ మాట విన్నప్పుడు ఆవిడ కళ్లు తుడుచుకోవడం యజమాని చూశాడు. ఆ దృశ్యం ఆయనకు నిద్రలో కూడా కనిపించేది.

ఉపాయం ఒక్కటే. కస్టమ్స్ శాఖ కొన్ని కంపెనీలకు "నమ్మదగిన ఎగుమతిదారు" అని సర్టిఫికెట్ ఇస్తుంది. అది ఉన్నవాళ్ల కంటైనర్లను ఓడరేవులో తెరవరు. నమస్కారం పెట్టి పంపేస్తారు. అది కావాలంటే, సరుకు గేటు దాటేదాకా పరాయి చెయ్యి సోకదని ఒక అధికారి స్వయంగా వచ్చి చూసి నమ్మాలి. ఆ నమ్మకం కలిగించడానికి యజమాని ఒక భద్రతా నియమావళి రచించాడు. అందులో ప్రతి వాక్యమూ శాసనంలా గంభీరంగా ఉండేది. చదివినవాళ్లకు అది క్లిప్పులకోసమా, కోహినూరుకోసమా అన్న సందేహం కలిగేది.

ఆ నియమావళికి ప్రాణం సీలు. కంటైనరు తలుపు మూయగానే గడియకు ఉక్కు సీలు పడాలి. పడిన సీలును యజమాని సంతకం మీదనే కొయ్యాలి. యజమాని ఎదురుగా నిలబడి, బ్యాడ్జీ చూపించి, సంతకం చెయ్యాలి. ఫోనులో గానీ, గోడ అవతలనుంచి గానీ "నేనే యజమానిని" అనే గొంతును నమ్మరాదు. కస్టమ్స్ అధికారి ఉత్తర్వు ఒక్కటే దీనికి మినహాయింపు. అదీ ఎదురుగా నిలబడి ఇచ్చినదే చెల్లుతుంది.

ఈ మహత్తర బాధ్యతను యజమాని తన బావమరిదికి అప్పగించాడు. విశ్వాసం కొద్దీ కాదు, మరో పని మిగలక. బావమరిది చెప్పినది చెప్పినట్టు చేస్తాడు. అదే అతనిలోని లోపం. అమ్మకాల విభాగంలో ఉండగా "వచ్చినవాళ్లని ఉత్త చేతులతో పంపకు" అని చెబితే, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడికీ, దారి అడగడానికి ఆగినవాడికీ కూడా గుప్పెడేసి క్లిప్పులు ఇచ్చి పంపాడు. అందుచేత ఇంట్లో పోరు పడలేక యజమాని అతన్ని సీళ్ల బీరువా దగ్గర కూర్చోబెట్టి, తానే శిక్షణ ఇచ్చాడు. శిక్షణ అంటే, యజమాని గోడ వెనక నిలబడి దొంగ వేషం కట్టడం.

మొదటిసారి "ఒరేయ్, నేను మీ బావని, సీలు తియ్యి" అనగానే బావమరిది తీసేశాడు. చీవాట్లు తిన్నాడు. రెండోసారి యజమాని గొంతులో ఏడుపు తెచ్చుకొని "మీ అక్కకి ఒంట్లో బాగాలేదురా" అన్నాడు. మళ్లీ తీసి, మళ్లీ తిన్నాడు. "నేను ప్రాణం పోతోందన్నా సరే తియ్యకూడదు, అర్థమైందా" అని యజమాని గర్జించాడు. బావమరిదికి అర్థమైంది. అతనికి ఏదైనా అర్థం కావడానికి సమయం పడుతుంది గానీ, అర్థమయ్యాక ఇక పోదు.

తనిఖీ రోజు పొద్దున యజమాని ఇస్త్రీ చొక్కా వేసుకొని, అద్దం ముందు నిలబడి కార్యక్రమాన్ని భార్యకు మరొకసారి వినిపించాడు. ఆవిడ కంపెనీ లెక్కలు చూస్తుంది. ఇంట్లో ఆయన మాటలు వింటుంది. రెండింటిలోనూ అనవసరమైనవి కొట్టేస్తుంది.

"అధికారి రాగానే గేటు దగ్గర బ్యాడ్జీ. తర్వాత ప్యాకింగ్ హాలు. ఆయన కళ్లముందే కంటైనరు నింపుతాం. ఆ తర్వాత నువ్వు ఆయన్ని ఆఫీసులోకి తీసుకెళ్లి టీ ఇస్తావు. ఈలోగా మీ తమ్ముడు సీలేస్తాడు. టీ తాగి వచ్చేసరికి ఆయనకి సీలు కనిపిస్తుంది. మీ తమ్ముడు కనిపించడు."

"వాడేం చేశాడండీ పాపం?"

"ఇంకా ఏమీ చెయ్యలేదు. అందుకే జాగ్రత్తగా ఉన్నాను."

అధికారి చెప్పిన వేళకు వచ్చాడు. మెత్తని గొంతు, ఎత్తయిన మనిషి, నిండైన విగ్రహం. ఏది చూసినా "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"లో మెచ్చుకోలు ఉందో, ఆవులింత ఉందో పోల్చుకోవడం కష్టంగా ఉండేది. ప్యాకింగ్ హాలు చూసి ఊఁ అన్నాడు. లోడింగ్ అరుగుకు వెనక్కి ఆనించి నిలిపిన లారీమీద, వేరే చిన్న కొనుగోలుదారుకు వెళ్లవలసిన కంటైనరు నిండుతుంటే చూసి ఊఁ అన్నాడు. చివరి అట్టపెట్టె లోపలికి వెళ్లి, పట్టీలు బిగించాక, బావమరిది నియమం ప్రకారం బీరువా తెరిచి సీలు తేవడానికి వెళ్లాడు. యజమాని కార్యక్రమం ప్రకారం చెయ్యి చాచి, "అలా ఆఫీసులోకి దయచేస్తే, టీ..." అన్నాడు.

"టీ తర్వాత. ముందు లోపల చూద్దాం" అన్నాడు అధికారి.

కార్యక్రమం మొట్టమొదటిసారి పక్కకు ఒరిగింది. ఇద్దరూ కంటైనరు ఎక్కారు. అట్టపెట్టెల చివరి వరుసకూ తలుపుకూ మధ్య ఇద్దరు మనుషులు నిలబడే జాగా ఉంది.

"పైకప్పుకి గానీ పక్కలకి గానీ కన్నాలేమైనా ఉన్నాయా?" అన్నాడు అధికారి.

"మా దగ్గరా?" యజమాని నొచ్చుకున్నాడు.

"కన్నముంటే వెలుగొస్తుంది. తలుపు మూయించండి, చూసేద్దాం."

తన కంటైనరు చీకటిని ఒక అధికారి స్వయంగా పరీక్షించబోవడం యజమానికి పరమానందం కలిగించింది. "పెద్దక్కా, తలుపు ముయ్యి" అన్నాడు. పెద్దక్క రెండు రెక్కలూ దగ్గరికి తోసి గడియ వేసింది. సరిగ్గా అప్పుడే బావమరిది సీలు పట్టుకొని వస్తూ కనిపించాడు. సీలు వేసేటప్పుడు అతను తప్ప మరెవరూ అరుగు చుట్టూ నేలమీద గీసిన పచ్చగీత ఇవతల ఉండరాదని నియమం. సీలు వేసే మనిషితో మాట్లాడరాదని మరో నియమం. లోపల ఎవరున్నారో తెలియకుండా వస్తాడా అనుకొని, పెద్దక్క నోరు మూసుకొని, ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొని గీత దాటి హాలులోకి వెళ్లిపోయింది.

బావమరిది మూసిన తలుపు చూశాడు. మూసిన తలుపు సీలు లేకుండా ఒక్క క్షణం కూడా ఉండరాదు.

లోపల కారుచీకటి. "చూశారా సార్, ఒక్క కిరణం లేదు" అన్నాడు యజమాని భక్తిగా.

"ఊఁ. బాగుంది."

బయట టక్కుమని ఒక చప్పుడైంది.

"ఏమిటది?"

తన కర్మాగారంలో ఒక పని ఇంత తొందరగా, ఇంత శుభ్రంగా జరగడం యజమానికి అదే మొదటి అనుభవం. "అది సీలు సార్" అన్నాడు.

తరువాత ఆయన తలుపు బాదాడు. "ఒరేయ్, నేను లోపలున్నాను. సీలు తియ్యి."

బయట బావమరిది ముఖం విప్పారింది. "మొదలెట్టారా బావా? ఈసారి గోడ వెనక కాకుండా ఇందులో దూరారే."

"ఇది పరీక్ష కాదురా, నిజం."

"పోయినసారీ ఇదే మాటన్నారు. తీసినందుకు నాలుగు తగిలించారు కూడా."

"ఒరేయ్, కస్టమ్స్ అధికారిగారు నాతోపాటు ఇక్కడే ఉన్నారురా."

"అధికారిగారు ఆఫీసులో అక్కతో టీ తాగుతున్నారు. పొద్దున్న మీరే కదా చెప్పారు."

అప్పుడు అధికారి స్వయంగా రంగంలోకి దిగాడు. "నేను కస్టమ్స్ అధికారిని. ఈ తలుపు తెరవమని ఉత్తర్వు ఇస్తున్నాను" అన్నాడు, సాధ్యమైనంత గంభీరంగా.

బావమరిది శ్రద్ధగా విన్నాడు. "ఈయనెవరు బావా? బాగా చేస్తున్నారు. మీకంటే నయం. గొంతే కాస్త మెత్తగా ఉంది, అధికారి గొంతులా లేదు."

"ఎదురుగా నిలబడి చెబితేగానీ వినడు సార్" అన్నాడు యజమాని చీకట్లో. "నియమం అది."

"ఎవరు రాశారు ఆ నియమం?"

యజమాని ఈ ప్రశ్నను చీకట్లోనే వదిలేశాడు.

ఇంతలో లారీ డ్రైవరు క్యాంటీన్ నుంచి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఓడ ఆ రోజే బయలుదేరుతుంది, వేళకు చేరాలి. అతను తలుపు దగ్గర ఆగి చెవి ఒగ్గాడు.

"లోపల ఎవరో అరుస్తున్నారు సార్."

"మా బావ. పరీక్ష పెడుతున్నాడు."

"ఎవరికి?"

"నాకు."

"నా కాయితంలో క్లిప్పులని ఉంది. క్లిప్పులు మాట్లాడవు కదా."

"గేటు దగ్గర కాటా దాకా పోనివ్వు. అక్కడ ఆయనే ఒప్పుకుంటాడు" అన్నాడు బావమరిది, పరీక్షలో చివరి ప్రశ్నకు వచ్చిన విద్యార్థి ధీమాతో. డ్రైవరు భుజాలెగరేసి బండి ఎక్కాడు.

నేల కదిలింది. అధికారి అట్టపెట్టెలకు వీపు ఆనించుకున్నాడు. "ఎక్కడికి?" అన్నాడు.

"ఓడరేవుకే సార్. మా వైపునుంచి ఎప్పుడూ ఆలస్యం ఉండదు."

"పోనీ, అక్కడ మావాళ్లు తెరుస్తారు కదా."

"తెరుస్తారు సార్. తప్పకుండా తెరుస్తారు."

"ఎంతసేపట్లో?"

"మీవాళ్ల ఇష్టం. ఒక్కోసారి రెండు మూడు రోజులు. సెలవులొస్తే వారం."

ఇన్నేళ్ల ఉద్యోగంలో కంటైనర్ల గురించి అధికారికి తెలియని సంగతి లేదు. కంటైనరు వైపునుంచి ఆలోచించవలసిన అవసరం మాత్రం ఎప్పుడూ రాలేదు. "అంత ఆలస్యం దేనికి?" అన్నాడు పీలగా.

"సిబ్బంది తక్కువట సార్. మేం రాసినదానికి మీ ఆఫీసే జవాబిచ్చింది."

చీకటి మనుషులను దగ్గర చేస్తుంది. యజమాని గొంతులోని గాంభీర్యం ఎక్కడో జారిపోయింది. కొనుగోలుదారు మర్యాద గురించి చెప్పాడు. ప్యాకింగ్ హాలు గురించి చెప్పాడు. "వాళ్లకి మాటిచ్చాను సార్. ఇవాళ పొద్దున్నే ఆ పెద్దక్క నా గది తలుపు దగ్గర నిలబడి, 'దేవుడు లాంటోళ్లు మీరు' అంది. ఆ మాటంటేనే నాకు భయం. ఇప్పుడు ఈ తెలివితక్కువ వెధవ..." అని ఆగిపోయాడు. అధికారి "ఊఁ" అన్నాడు. ఈసారి అందులో ఆవులింత లేదు.

గేటు దగ్గర లారీ కాటా ఎక్కింది. వెంటే వచ్చిన బావమరిది అంకె చూసి, కాగితంలోని అంకెతో పోల్చి, కనుబొమలు ముడిచాడు.

"ఎక్కువుంది."

"ఎంత?" అన్నాడు డ్రైవరు.

"ఇద్దరు మనుషులంత."

"గొంతులు ఎన్ని వినిపించాయి?"

"రెండు."

"నేనేమీ అనను" అన్నాడు డ్రైవరు. "నాకెందుకు."

బావమరిదికి బావ మీద గౌరవం అవధులు దాటింది. ఊరికే గొంతు మార్చడం కాదు, పరీక్ష కోసం బరువు కూడా పెట్టించాడు. బరువు తేడా వస్తే ఏం చెయ్యాలో నియమావళిలో ఉంది. అతను ప్రమాద గంట మోగించాడు.

గంట మోగగానే గేట్లు మూతపడ్డాయి, యంత్రాలు ఆగాయి. జనమంతా బయటికి వచ్చి పచ్చగీత వెనక వరుసలు కట్టారు. చల్లారిన టీ కప్పు చేతిలో పట్టుకొని ఆఫీసులోనుంచి యజమాని భార్య వచ్చింది.

"ఏమైందిరా? అధికారిగారేరి?"

"నీ దగ్గర లేరా?"

"నా దగ్గరెందుకుంటారు? మీ బావతో ఉన్నారనుకుంటున్నా."

తమ్ముడూ అక్కా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసలోనుంచి పెద్దక్క, "ఇద్దరూ లోపలికెళ్లారు కదమ్మా, నేనే తలుపేశాను" అంది. కంటైనరులోనుంచి, అలసిపోయిన రెండు గొంతులు ఒకేసారి "అవును" అన్నాయి.

బావమరిది ముఖంలో రక్తం ఇంకిపోయింది. అయినా అతని చెయ్యి సీలు మీదికి వెళ్లలేదు.

"తియ్యరా."

"ఎలా తియ్యనక్కా? బావ ఎదురుగా నిలబడి సంతకం పెట్టాలి."

"ఆయన లోపలున్నారు."

"పోనీ, అధికారిగారు ఎదురుగా నిలబడి ఉత్తర్వు ఇవ్వాలి."

"ఆయనా లోపలే ఉన్నారు."

ఇటువంటి పరిస్థితి మహాసామ్రాజ్యాలకు కూడా ఎదురై ఉండదు. ఆ తలుపు తెరిపించగల అధికారం లోకం మొత్తం మీద ఇద్దరికే ఉంది. ఆ అధికారమంతా లోపలే ఉంది. కాగితం మీద సంతకం చేసి బయటికి తోద్దామంటే సందు లేదు. సందు లేదన్న సంగతి అధికారే కాసేపటి క్రితం స్వయంగా ధ్రువీకరించాడు.

"తీసెయ్ బాబూ, ఎవరేమంటారు" అంది పెద్దక్క, ఏడుపు గొంతుతో.

"నియమం తప్పి తీస్తే సర్టిఫికెట్ రాదు పెద్దక్కా. సర్టిఫికెట్ రాకపోతే మీ హాలు మూస్తారు. నాకు ఇంకేం తెలియదుగానీ అది తెలుసు" అన్నాడు బావమరిది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. కాళ్లు మాత్రం కదల్లేదు.

లోపల తలుపు బాదుతున్న చప్పుడు ఆగిపోయింది.

యజమాని భార్య టీ కప్పు డ్రైవరు చేతికిచ్చింది. "ఆ నియమంలో ఏముంది? మీ బావ సంతకం అని ఉందా?"

"యజమాని సంతకం అని ఉంది."

"ఈ కంపెనీలో సగం వాటా నాది. నేనూ యజమానినే. కాగితం ఇటివ్వు."

బావమరిది నోరు తెరిచాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు."

లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు. బావమరిది అక్క బ్యాడ్జీ అందుకొని, ఫొటోను చూసి, ఆవిడ ముఖాన్ని చూసి, మళ్లీ ఫొటోను చూశాడు.

"ఇందులో జడ ఉంది. ఇప్పుడు ముడి ఉంది."

"ఒరేయ్, నిన్ను ఎత్తుకుని తిప్పాను నేను. ఇప్పుడు నన్ను పోల్చుకోవడానికి ముడి విప్పమంటావా?"

అతను క్షణం ఆలోచించి, అక్కర్లేదని తేల్చాడు. ఆవిడ సంతకం చేసింది. ఉక్కు కత్తెర కరకరమంది. తలుపు తెరుచుకుంది. చెమటతో తడిసి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని, అధికారమంతా బయటికి దిగింది.

అధికారి చేతిరుమాలుతో ముఖం తుడుచుకొని, నేరుగా బావమరిది దగ్గరికి నడిచాడు.

"ఇన్నేళ్లలో ఎన్నో కంపెనీలు చూశాను" అన్నాడు. "ప్రతిచోటా సీలు గురించి గొప్పగా చెప్పేవాళ్లే. నేను కాస్త గొంతు పెంచితే చాలు, తాళాలు చేతికొచ్చేవి. నన్ను లోపల పెట్టి కూడా తియ్యనివాడివి నువ్వొక్కడివే." అతని చెయ్యి పట్టుకొని ఊపాడు. "మీ కాటాకి కూడా చాలా కృతజ్ఞుణ్ణి. అది పట్టుకోకపోతే ఓడరేవులో మా వాళ్లు తెరిచేదాకా ఉండాల్సొచ్చేది. మా వాళ్ల సంగతి ఇందాకే తెలిసింది."

తరువాత యజమానివైపు తిరిగాడు. "సీలు వేసేముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడాలని మీ నియమాల్లో లేదు. అది చేర్చండి. మిగతాదంతా నేను రాస్తాను. ఇప్పుడా టీ ఇప్పించండి."

టీ డ్రైవరు తాగేశాడు. కొత్త టీ వచ్చింది. కొత్త సీలూ పడింది, ఈసారి బావమరిది లోపలికి తొంగిచూసి, "ఎవరైనా ఉన్నారా" అని ఖాళీ జాగాను పిలిచి, జవాబు లేదని నిశ్చయించుకున్నాక. లారీ కదిలి వెళ్లాక అతను యజమాని దగ్గరికి వచ్చి, తల వంచుకొని నిలబడ్డాడు.

"పాసయ్యానా బావా?"

యజమాని ఆ రోజంతా మనసులో పేర్చుకున్న తిట్లను వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. "నువ్వు పాసయ్యావురా. తప్పింది నేనే" అని, జీవితంలో మొదటిసారి బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. ప్యాకింగ్ హాలు గుమ్మంలో పెద్దక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "దేవుడు లాంటోడు" అంది. ఎవరిని ఉద్దేశించి అందో యజమాని అడగలేదు. ఆయనకు అది ఎవరికి చెందినా సరేననిపించింది. ఆ సాయంత్రం భార్యతో, "నీకు సగం వాటా ఉందన్న సంగతి నేనే మర్చిపోయాను, చాలా థాంక్స్" అన్నాడు. "నేను మర్చిపోలేదు, ఫరవాలేదు" అంది ఆవిడ.

సర్టిఫికెట్ వచ్చింది. దానికి చట్రం కట్టించి, వచ్చిన ప్రతివాడికీ కనిపించేలా తగిలించారు. ఆ తరువాత ఆ పెద్ద కొనుగోలుదారుకు బయలుదేరిన మొదటి కంటైనరును ఓడరేవులో ఎవరూ ముట్టుకోలేదు. అది అందిన మొదటి ఓడ ఎక్కి, కంపెనీ చరిత్రలో ఎన్నడూ లేనంత తొందరగా అవతలి ఒడ్డుకు చేరింది. కొనుగోలుదారు వెంటనే కృతజ్ఞతలు తెలుపుతూ రాశాడు. ఇక జీవితంలో మరొకరి దగ్గర క్లిప్పులు కొననన్నాడు. వచ్చే ఏడాది సరుకు కూడా ఇప్పుడే ఖాయం చేశాడు. ఆ మాట విని ప్యాకింగ్ హాలంతా నవ్వులతో నిండిపోయింది. ఉత్తరం కింద చివర్లో ఒక చిన్న మనవి చేర్చాడు: మీ సరుకు ఆలస్యంగానే వస్తుందన్న గట్టి నమ్మకంతో గోదాము ఇంకా ఖాళీ చేయించలేదని.

అంచేత ఆ కంటైనరు, అంతకుముందు ఓడరేవులో ఎన్నాళ్లు ఆగేదో అన్నాళ్లూ, ఆయన గేటు బయట ఆగింది.